ఎందుకు అని అడగని యుద్ధం: ‘ది హర్ట్ లాకర్’

యుద్ధ సినిమాల మీద మాట్లాడుకుంటున్నాం కదా, ఈసారి ‘ది హర్ట్ లాకర్’. కాథరిన్ బిగెలో తీసిన సినిమా. 2008లో వెనిస్ ఫెస్టివల్‌లో మొదట చూపించారు, అమెరికాలో థియేటర్లకి 2009 వేసవిలో వచ్చింది, 2010 మార్చిలో ఆరు ఆస్కార్లు పట్టుకుపోయింది. ఉత్తమ చిత్రం, దర్శకత్వం, స్క్రీన్‌ప్లే, ఎడిటింగ్, సౌండ్‌కి రెండు. దర్శకత్వానికి ఆస్కార్ అందుకున్న మొట్టమొదటి మహిళ ఆవిడే. ఆ ఏడు పోటీలో ఉన్న పెద్ద సినిమా ‘అవతార్’, దాని దర్శకుడు జేమ్స్ కామెరాన్ ఆవిడ మాజీ భర్త. అప్పట్లో పేపర్లన్నీ ఆ కథే రాసుకున్నాయి. మనకి ఆ గొడవ వద్దు.

మనకి కావలసిన గొడవ వేరే ఉంది. ఇది ఇరాక్ యుద్ధం మీద సినిమా. కథ జరిగేది 2004లో, బాగ్దాద్‌లో. 2003 మార్చిలో అమెరికా ఇరాక్ మీదకి వెళ్ళింది. సామూహిక మారణాయుధాలున్నాయి అన్నారు. లేవు అని 2004లో వాళ్ళు వేసిన సర్వే బృందమే తేల్చింది. అబూ ఘ్రాయిబ్ జైలు ఫొటోలు బయటికొచ్చింది ఆ ఏడే. ఫలూజాలో రెండుసార్లు పెద్ద యుద్ధం జరిగింది ఆ ఏడే. ఇన్ని జరిగిన సంవత్సరాన్ని ఎంచుకుని, రెండు గంటల పైన సినిమా తీసి, వీటిలో ఒక్కదాని పేరు కూడా ఎత్తలేదు. బుష్ లేడు, సద్దాం లేడు, ఆయుధాల ఊసు లేదు. ఈ యుద్ధం న్యాయమా అన్యాయమా అనే చర్చ ఏ పాత్రా చేయదు. తీసినవాళ్ళు కూడా ఇంటర్వ్యూల్లో ఇంచుమించు అదే చెప్పారు, మేం ఏ పక్షం తరఫునా తీయలేదు, సైనికుడి అనుభవం చూపించాం, అంతే అని.

అలా అనొచ్చా? ఒక దేశం ఇంకో దేశం మీద పడిన యుద్ధాన్ని తీసి, నాకు రాజకీయం లేదు అనొచ్చా? ఈ సినిమా వచ్చినప్పుడు దీని మీద పెద్ద రగడ జరిగింది. ఒకవైపువాళ్ళు ఇది సైన్యానికి ప్రచార చిత్రం అన్నారు. ఇంకోవైపు అక్కడ పనిచేసి వచ్చిన సైనికుల్లో కొందరు, ఇదంతా అబద్ధం, బాంబులు తీసేవాడెవడూ ఇలా కౌబాయ్‌లాగా తిరగడు, ముగ్గురే ఒక బండిలో ఊరంతా తిరగడం ఎక్కడా ఉండదు అన్నారు. సైనికులు చెప్పింది నిజమే. దాని సంగతి అంతటితో వదిలేద్దాం, డాక్యుమెంటరీ కాదు కదా. మొదటి మాట మాత్రం అంత తేలిగ్గా వదిలేది కాదు.

కథ చూడని వాళ్ళ కోసం కాస్త చెప్పుకుందాం. కథ మొత్తం చెప్పేస్తాను, ముందే అంటున్నాను. అయినా ఈ సినిమాకి అందువల్ల పెద్ద నష్టం లేదు.

ముగ్గురు సైనికులు. బాంబు నిర్వీర్య దళం. మందుపాతర అనే మాట మన తెలుగు పేపర్లలో ఎన్నేళ్ళు చదివామో మీకు తెలుసు. 2003 అక్టోబరులో అలిపిరి దగ్గర ముఖ్యమంత్రి కాన్వాయ్ మీద పేలింది కూడా అలాంటిదే. రోడ్డు కింద పాతిపెట్టడం, దూరంగా ఎవరో కూర్చుని నొక్కడం. బాగ్దాద్‌లో ఆ దూరంగా కూర్చున్న మనిషి చేతిలో సెల్‌ఫోన్ ఉంటుంది. మొదటి సీను అదే. వీధిలో బాంబు. రోబోని పంపిస్తారు, దాని వెనక కట్టిన చిన్న బండి చక్రం ఊడిపోతుంది. ఇక లాభం లేదని టీం లీడర్ ఆ బరువైన సూటు తొడుక్కుని నడుచుకుంటూ వెళ్తాడు. గై పియర్స్ వేశాడు ఆ వేషం. పేరున్న నటుడు కాబట్టి వీడే హీరో అనుకుంటాం. తిరిగొస్తుంటే, మాంసం దుకాణం ముందు నిలబడ్డ ఒకాయన చేతిలో సెల్‌ఫోన్. ఫోన్ కింద పెట్టు అని అరుస్తూ పరిగెత్తుతారు. పేలిపోతుంది. హీరో అనుకున్నవాడు పది నిమిషాల్లో పోతాడు. నేల మీది గులకరాళ్ళు మెల్లగా గాలిలోకి లేస్తాయి, తుప్పు పట్టిన కారు మీంచి తుప్పు పొడిలాగా రాలుతుంది. పేలుడంటే మంట అనుకునే మన కళ్ళకి అది కొత్త.

ఆయన స్థానంలో వచ్చేవాడు సార్జెంట్ విలియం జేమ్స్. జెరెమీ రెన్నర్. వచ్చీ రాగానే గది కిటికీకి అడ్డంగా బిగించిన చెక్క తీసేస్తాడు, వెలుతురు కావాలని. రాత్రిపూట మోర్టార్లు పడతాయి, అది అందుకే పెట్టారు అని సాన్‌బార్న్ చెబుతాడు. వినడు. బాంబు దగ్గరికి రోబో లేకుండా పోతాడు. ఒక చోట సూటు కూడా విప్పి పడేస్తాడు, ఎలాగూ చావాల్సి వస్తే సుఖంగా చస్తాను అని. తోటివాళ్ళిద్దరూ, సాన్‌బార్న్, ఎల్డ్రిడ్జ్, ఎప్పుడు ఇంటికి పోతామా అని రోజులు లెక్కపెట్టుకుంటుంటారు. తెర మీద కూడా ఆ లెక్క పడుతుంటుంది, ఇంకా 38 రోజులు, ఇంకా ఇన్ని రోజులు అని. జేమ్స్‌కి మాత్రం ఆ లెక్క పట్టదు.

స్క్రీన్‌ప్లే రాసిన మార్క్ బోల్ విలేకరి. 2004లో బాగ్దాద్‌లో ఇలాంటి దళంతోనే ఉండి, చూసి వచ్చినవాడు. అందుకే బాంబు దగ్గర సినిమా ఎంత సేపు ఆగుతుందో చూడండి. ఒక వైరు కనిపిస్తుంది, దాన్ని పట్టుకుని మట్టి తుడుస్తూ పోతాడు, అది ఇంకో వైరుకి పోతుంది, దాన్ని పట్టి లాగితే చుట్టూ వలయంలా పాతిన బాంబులన్నీ ఒక్కసారి మట్టిలోంచి లేస్తాయి, చిలగడదుంప తీగ లాగినట్టు. పోస్టర్ మీద ఉండే బొమ్మ అదే. ఆ క్షణంలో ఆ మనిషికి అమెరికా ఎందుకొచ్చింది, ఎవరు ఓట్లేశారు, ఏ పత్రిక ఏం రాసింది, ఇవేవీ ఉండవు. చేతిలో కటింగ్ ప్లయర్, ముందు వైరు. ఎర్రదా నల్లదా.

అందుకే నేననేది, రాజకీయం మాట్లాడకపోవడం ఒక మేరకు నిజాయితీయే. ఆ పని చేసేవాడు ఆ పని చేసేటప్పుడు రాజకీయం మాట్లాడడు. మాట్లాడించి ఉంటే అది రచయిత గొంతవుతుంది. ఈ సినిమాకి ముందు వచ్చిన ఇరాక్ సినిమాలు గుర్తు తెచ్చుకోండి. 2007లో డి పాల్మా ‘రిడాక్టెడ్’ తీశాడు. అదే ఏడు రాబర్ట్ రెడ్‌ఫోర్డ్ ‘లయన్స్ ఫర్ లాంబ్స్’ తీశాడు, అది అఫ్గానిస్తాన్ సంగతి, అందులో సెనేటరు, విలేకరి, ప్రొఫెసరు గదుల్లో కూర్చుని గంటన్నర వాదించుకుంటారు. మంచి ఉద్దేశాలే. జనం చూడలేదు. మన దగ్గర యుద్ధ సినిమా అంటే హీరోకి ఎందుకు పోరాడుతున్నాడో ముందే తెలుసుండాలి. క్రిష్ ‘కంచె’ చూశారు కదా, 2015లో. అందులో హరిబాబుకి ఊళ్ళో కులం గురించీ తెలుసు, ఇటలీలో యుద్ధం గురించీ తెలుసు, రెంటినీ ముడివేసి చెప్పగలడు. ఆ సినిమా అంటే నాకు గౌరవం ఉంది. కానీ చెప్పగలిగే సైనికుడు వేరు, చెప్పలేని సైనికుడు వేరు. ప్రపంచంలో రెండోవాళ్ళే ఎక్కువ.

సరే. ఇక్కడిదాకా సినిమా పక్షాన మాట్లాడాను. ఇప్పుడు దాని మొదటి ఫ్రేముకి వద్దాం.

సినిమా ఒక కొటేషన్‌తో మొదలవుతుంది. క్రిస్ హెడ్జెస్ అనే విలేకరి పుస్తకంలోది. అర్థం ఏమిటంటే, యుద్ధం ఇచ్చే ఊపు ఒక వ్యసనం, యుద్ధం మత్తుమందు. తెర మీద మిగతా అక్షరాలన్నీ చెరిగిపోయి ఆ చివరి మాటలు మాత్రం కాసేపు నిలబడతాయి. ఈ హెడ్జెస్ ఎవరు? ఏళ్ళ తరబడి యుద్ధాలు చూసి రాసినవాడు, ఇరాక్ యుద్ధాన్ని బహిరంగంగా ఖండించినవాడు. అంటే పక్షం లేదంటున్న సినిమా తలుపు తీయగానే గుమ్మంలో నిలబడ్డది యుద్ధ వ్యతిరేకి. ఇది యాదృచ్ఛికం అంటే నేను నమ్మను.

కానీ ఆ పోలిక ఉంది చూశారూ, మత్తుమందు, అక్కడే ఒక కిటుకు ఉంది. యుద్ధం మత్తయితే, సైనికుడు తాగుబోతు. తాగుబోతు కథ ఎవరి గురించి ఉంటుంది? తాగేవాడి గురించే ఉంటుంది. వాడి చేతులు వణకడం, పెళ్ళాం ఏడవడం, పిల్లవాడి మొహం చూడలేకపోవడం. మన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు 1990ల మొదట్లో ఏం చేశారు? మొగుడు తాగుతున్నాడని ఇంట్లో కూర్చుని ఏడవలేదు. సారా దుకాణం మీదకి పోయారు. కాంట్రాక్టరెవరు, వేలం పాట ఎవరు పెట్టారు, ఊళ్ళోకి ప్యాకెట్లు ఎవరు పంపిస్తున్నారు అని అడిగారు. తాగేవాణ్ణి తిట్టడం కుటుంబ కథ, దుకాణం మూయించడం రాజకీయం. ‘హర్ట్ లాకర్’ తాగేవాణ్ణి ఎంత నిజంగా చూపించిందంటే అంతకన్నా ఎవరూ చూపించలేరు. దుకాణం మాత్రం ఫ్రేములోకి రాదు. ఈ సినిమా మీద నాకున్న పేచీ అదే.

పూర్తిగా రాదు అనడానికి కూడా లేదండీ. రెండోసారి, మూడోసారి చూస్తుంటే మూలమూలల్లో ఆ దుకాణం బోర్డులు కనబడుతుంటాయి. ఎవరూ వాటి గురించి మాట్లాడరు, కెమెరా కూడా వాటి మీద ఆగదు. కొన్ని చెబుతాను.

జేమ్స్ క్యాంపుకి వచ్చినప్పుడు, ఇది క్యాంప్ లిబర్టీ కదా అంటాడు. కాదు, పోయిన వారమే క్యాంప్ విక్టరీ అని మార్చారు, ఆ పేరు వినడానికి బావుంటుంది అంటాడు సాన్‌బార్న్. ఒక్క ముక్క. నవ్వేసి ఊరుకుంటాం. స్వేచ్ఛ ఇస్తామని వచ్చి, అది కుదరక, గెలిచామని చెప్పుకుంటే చాలు అనుకున్న ఒక ప్రభుత్వం కథంతా ఆ బోర్డు మార్పులో ఉంది.

ఇంకోటి, టాక్సీ సీను. ఒక టాక్సీ సైనికుల వరస దాటుకుని వచ్చి జేమ్స్ ముందు ఆగుతుంది. జేమ్స్ పిస్తోలు తీస్తాడు. నేలకేసి కాలుస్తాడు, అద్దం పగలగొడతాడు, చివరికి గొట్టం డ్రైవరు నుదుటికి ఆనించి, వెనక్కి పో అంటాడు. ఆ డ్రైవరు మొహంలో భయమా, పొగరా, విసుగా, ఏమీ తెలీదు. వెనక్కి పోతాడు. పోగానే మిగతా సైనికులు బయటికి లాగి నేల మీద పడేస్తారు. అప్పుడు జేమ్స్ అంటాడు, వాడు అంతకుముందు తిరుగుబాటుదారు కాకపోతే, ఇప్పుడు తప్పకుండా అయ్యుంటాడు అని. ఆక్రమణ ఎలా తన శత్రువులని తానే తయారు చేసుకుంటుందో దాని మీద పుస్తకాలకి పుస్తకాలున్నాయి. ఇక్కడ ఒక సైనికుడి వెటకారంలో అయిపోయింది. జేమ్స్‌కి తను ఏమన్నాడో కూడా తెలీదు, వెంటనే బాంబు వైపు తిరుగుతాడు.

ఆ తర్వాత ఆ కల్నల్. డేవిడ్ మోర్స్ వేశాడు, నిమిషాల పాత్ర. ఒక ఇరాకీ గాయపడి పడి ఉంటాడు. పావుగంటలో తరలిస్తే బతుకుతాడు అంటాడు పక్కనున్న సైనికుడు. వీడు బతకడు అంటాడు కల్నల్. అంటే బతకనివ్వొద్దు అని. అరవడు, కోపం లేదు, టీ వద్దు అన్నంత మామూలుగా అంటాడు. ఇదే కల్నల్ జేమ్స్‌ని చూసి తెగ మురిసిపోతాడు. ఇప్పటిదాకా ఎన్ని బాంబులు తీశావు అని అడిగి అడిగి చెప్పిస్తాడు. 873. జేమ్స్ పిచ్చి ధైర్యాన్ని సినిమాలో మనస్ఫూర్తిగా మెచ్చుకునే ఒకే ఒక్క పెద్దమనిషి ఎవరంటే, గాయపడ్డవాణ్ణి చావనిచ్చినవాడు. ఈ రెంటినీ ఒకే మనిషిలో పెట్టడం పక్షం లేకపోవడమా?

ఎడారి సీను కూడా. రాల్ఫ్ ఫీన్స్, ఇంకొందరు, డబ్బుకి పనిచేసే ప్రైవేటు మనుషులు. ఇద్దరు ఖైదీలని పట్టుకుపోతుంటారు, వాళ్ళ మీద బహుమతి ఉంది. దూరంనించి కాల్పులు మొదలవగానే ఖైదీలు పరిగెత్తుతారు. వీడు వెనకనించి కాల్చేస్తాడు. ప్రాణంతో తెచ్చినా శవంతో తెచ్చినా అంతే సొమ్ము కదా, మర్చిపోయాను అన్నట్టు మాట్లాడతాడు. ఐదు లక్షల పౌండ్లు. ఇదిగో, సారా కాంట్రాక్టరు. ఒక్క నిమిషం కనిపించి, పాట డబ్బు లెక్క చెప్పి, తర్వాత తనూ అక్కడే తూటా తగిలి పోతాడు. ఆ తర్వాత గంటల తరబడి ఎండలో తుపాకీ గురి పెట్టుకుని పడుకోవడం, తూటాలకి నెత్తురంటి ఇరుక్కుంటే ఉమ్మేసి తుడవడం, సాన్‌బార్న్‌కి జేమ్స్ జ్యూస్ ప్యాకెట్ పట్టించడం... యుద్ధంలో ఇంత సేపు ఏమీ జరగకపోవడాన్ని ఇంత ఉత్కంఠగా నేనింకెక్కడా చూడలేదు. షూటింగ్ జోర్డాన్‌లో, నిజమైన ఎండలో. బారీ అక్రాయిడ్ సూపర్ 16 కెమెరాలు నాలుగేసి ఒకేసారి తిప్పాడు. ఎక్కడినించో ఎవరో చూస్తున్నారు అనిపించేది అందుకే.

ఇప్పుడు అసలు సీనుకి వద్దాం. నా దృష్టిలో ఈ సినిమా మొత్తానికి గుండెకాయ అది. చాలామంది దాన్ని ఒక చిన్న ఉపకథ అనుకుని దాటిపోతారు.

క్యాంపు దగ్గర డీవీడీలు అమ్మే ఒక కుర్రాడు. ఫుట్‌బాల్ పిచ్చి. తన పేరు బెకమ్ అని చెప్పుకుంటాడు. జేమ్స్‌కి వాడంటే ఇష్టం. డీవీడీలు కొంటాడు, బంతి ఆడతాడు. ఆ దేశంలో జేమ్స్ చేసుకున్న ఒకే ఒక్క స్నేహం. కొన్నాళ్ళకి ఒక పాడుబడ్డ బిల్డింగులో ఒక పిల్లవాడి శవం దొరుకుతుంది. పొట్ట కోసి లోపల బాంబు పెట్టి కుట్టారు. జేమ్స్ చూస్తాడు, బెకమ్ అనుకుంటాడు. దూరంనించి పేల్చేయాలి, పద్ధతి అది. పేల్చలేడు. తనే ఆ కుట్లు విప్పి, బాంబు బయటికి తీసి, శవాన్ని చేతుల మీద మోసుకొస్తాడు. ఆ తర్వాత పిచ్చి పట్టినట్టు, డీవీడీలు అమ్మే ముసలాయన కణతకి తుపాకీ పెట్టి, ఆ కుర్రాడి ఇల్లు చూపించు అని రాత్రిపూట ఊళ్ళోకి పోతాడు. ఏదో ఇంటి గోడ దూకుతాడు. అక్కడ ఒక పెద్దాయన. నేను ప్రొఫెసర్ నబీల్‌ని, ఇది నా ఇల్లు, మీరు అతిథి, కూర్చోండి అంటాడు. తుపాకీ పట్టుకుని అర్ధరాత్రి ఇంట్లోకి దూకినవాణ్ణి! మీరు సీఐఏ వాళ్ళా, మా ఇంటికి సీఐఏ రావడం సంతోషం అంటాడు. అందులో భయం ఎంతో, మర్యాద ఎంతో, ఎగతాళి ఎంతో విడదీయలేం. ఇంతలో ఆయన భార్య వచ్చి, చేతికందినదాంతో మోది, అరిచి, బయటికి తరుముతుంది. ఆమె ఏమని తిట్టిందో మనకి తెలియదు, కింద సబ్‌టైటిల్ పడదు. అర్థమవడానికి అక్కరలేదు కూడా.

కొన్ని రోజులకి జేమ్స్ క్యాంపులో నడుస్తుంటే వెనకనించి కేక. బెకమ్. బతికే ఉన్నాడు. శవం వేరే పిల్లవాడిది. కుర్రాడు బంతి పట్టుకుని పలకరిస్తాడు. జేమ్స్ వాడి వైపు చూడకుండా నడుచుకుంటూ పోతాడు.

ఎందుకు పోతాడు? సినిమా చెప్పదు. ఇంక మనసు తగిలించుకోకూడదని అనుకున్నాడు అని కొందరంటారు. కావచ్చు. నాకు మాత్రం అందులో సిగ్గు కనిపిస్తుంది. ఆ ఊళ్ళో నాకు తెలిసిన ఒకే ఒక్క మొహం అనుకున్నదాన్ని కూడా నేను గుర్తుపట్టలేకపోయాను. రోజూ ఆడిన పిల్లవాడికీ, దారిన పోయే పిల్లవాడికీ తేడా తెలియలేదు. వాడి కోసమని ఎవరిదో ఇంట్లో దూకి ముసలివాళ్ళని బెదిరించాను. మనుషుల మొహాలు గుర్తుపట్టని సైన్యం ఆ మనుషులని కాపాడటానికి వచ్చింది! దీనికి మించిన రాజకీయ వ్యాఖ్య ఆ రెడ్‌ఫోర్డ్ సినిమా గదులన్నిటిలో కలిపి కూడా లేదు. ఒక్క డైలాగు లేకుండా చెప్పారు. ఇంకో చిత్రమేమిటంటే, ఆ శవం చూసినప్పుడు మనం కూడా బెకమ్ అనే అనుకున్నాం. జేమ్స్ అన్నాడు కదా అని నమ్మాం. ఆ పిల్లవాడెవరో, వాడి తల్లి ఎవరో సినిమా చివరిదాకా మనమూ అడగం.

ఇక్కడే నా ఫిర్యాదు కూడా మొదలవుతుంది. మనం అడగం, సరే. సినిమా అడగొద్దా? రెండు గంటల పైన నడిచే సినిమాలో ఇద్దరు ఇరాకీలు తమలో తాము మనసు విప్పి మాట్లాడుకునే సీను ఒక్కటి నాకు గుర్తులేదు. ఇరాకీ వచ్చిన ప్రతిచోటా పక్కన తుపాకీ ఉంది. మేడ మీంచి చూసేవాళ్ళు, కిటికీలోంచి చూసేవాళ్ళు, వీడియో తీసేవాళ్ళు. వాళ్ళలో ఎవడు పేల్చేవాడో, ఎవడు ఊరికే చూసేవాడో తెలియదు. సైనికుడికి తెలియదు కాబట్టి మనకీ తెలియకూడదు, అది పద్ధతి అంటారు. ఆ పద్ధతి నాకు అర్థమవుతుంది. కానీ ఆ పద్ధతి వల్ల రెండు గంటల పాటు ఒక ఊరంతా అనుమానితుల జాబితాలా కనిపిస్తుంది. అన్నట్టు, ఆ వీడియో తీసేవాణ్ణి చూసి, నన్ను యూట్యూబ్‌లో పెడతాడు కాబోలు అన్న జోకొకటి వస్తుంది. యూట్యూబ్ మొదలైందే 2005లో, కథ 2004. చిన్న పొరపాటు, నవ్వుకోవడానికి పనికొస్తుంది.

మిగిలిన ఖాళీల గురించి కూడా చెప్పాలి. అంత పెద్ద క్యాంపులో వంట ఎవరు చేస్తున్నారు, బట్టలు ఎవరు ఉతుకుతున్నారు? ఆ రోజుల్లో ఇరాక్‌లో అమెరికా క్యాంపుల్లో ఆ పనులు చేసినవాళ్ళలో మన దేశంవాళ్ళు, నేపాల్‌వాళ్ళు, ఫిలిప్పీన్స్‌వాళ్ళు చాలామంది. 2004లోనే ముగ్గురు భారతీయ డ్రైవర్లని అక్కడ అపహరించి వారాల తరబడి బందీలుగా ఉంచారు. పన్నెండుమంది నేపాలీ పనివాళ్ళని ఆ ఆగస్టులో చంపేశారు. కరీంనగర్ నుంచో కడప నుంచో గల్ఫ్‌కి మనిషిని పంపిన ఇంట్లో ఆ వార్తలు ఎలా విన్నారో ఊహించుకోవచ్చు. సినిమాలో వీళ్ళ జాడే ఉండదు. సైనికుడి కళ్ళలోంచి చూపిస్తాం అన్నప్పుడు, సైనికుడు రోజూ అన్నం తినే చోట నిలబడ్డ మనుషులు కూడా ఆ కళ్ళకి కనబడలేదంటే, ఆ కళ్ళని అంత నమ్మొచ్చా?

ఇంతకీ పక్షం తీసుకోకుండా తప్పించుకున్నది వాళ్ళేనా అంటే, మన పార్లమెంటు సంగతి కూడా చెప్పుకోవాలి. 2003 ఏప్రిల్‌లో ఈ యుద్ధం మీద మన లోక్‌సభ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. ప్రతిపక్షం ఖండించాలంది, ప్రభుత్వం అంత గట్టి మాట వద్దంది. ఆఖరికి హిందీలో ‘నిందా’ అని పెట్టి సర్దుకున్నారు. ఎవరికి కావలసిన ఘాటులో వాళ్ళు అనువదించుకోవచ్చు. కాకపోతే అమెరికా మన సైన్యాన్ని ఇరాక్‌కి పంపమని అడిగితే ఆ జూలైలో పంపం అని చెప్పారు. మాటలో తప్పించుకున్నా పనిలో తప్పించుకోలేదు. నాకు ఈ సినిమా కూడా కొంత అలాగే అనిపిస్తుంది. ఇంటర్వ్యూల్లో తప్పించుకున్నారు, సీన్లలో అంతగా తప్పించుకోలేకపోయారు.

చివర్లో ఇంకో ఇరాకీ వస్తాడు. ఒంటికి బాంబులు కట్టి తాళాలు వేసేశారు. నేను కట్టుకోలేదు, బలవంతాన కట్టారు, పిల్లలున్నారు, తీసేయండి అని ఏడుస్తుంటాడు. ఆ వేషం వేసింది సుహైల్ దబ్బాచ్ అనే ఇరాకీ నటుడు. జోర్డాన్‌లో షూటింగు కాబట్టి ఇరాక్ నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు చాలామంది ఈ సినిమాలో పనిచేశారు. తమ ఊరిని పక్క దేశంలో సెట్టుగా చూసుకుంటూ చేశారన్నమాట. జేమ్స్ తాళాలు కోస్తుంటాడు, ఒక్కటి తెగుతుంది. టైము చాలదు. సారీ, ఇన్ని తాళాలు నావల్ల కాదు అని చెప్పి పరిగెత్తుతాడు. ఆ మనిషి చేతులెత్తి దేవుణ్ణి తలుచుకుంటాడు. 873 బాంబులు తీసినవాడు ఓడిపోయేది బతికున్న ఇరాకీ ఒంటి మీద ఉన్న బాంబు దగ్గర. ఆ సీనుకి కూడా ఎవరూ వ్యాఖ్యానం చెప్పరు.

ఆ తర్వాత ఇల్లు. సూపర్‌మార్కెట్. పెళ్ళాం కార్న్‌ఫ్లేక్స్ లాంటిదేదో తెమ్మంటుంది. ఈ చివరినించి ఆ చివరిదాకా డబ్బాలే. ఏది తీయాలో తెలియదు జేమ్స్‌కి. ఎర్ర వైరో నల్ల వైరో క్షణంలో తేల్చేవాడు అక్కడ దిక్కుతోచక నిలబడతాడు. దీన్ని అందరూ మెచ్చుకున్నారు, నేనూ మెచ్చుకుంటాను. ఇంటి చూరు గొట్టంలో ఆకులు తీస్తాడు. వంటింట్లో భార్యకి బాగ్దాద్ బజారులో పిల్లలకి మిఠాయిలు పంచుతూ లారీ పేల్చినవాడి సంగతి చెబుతాడు. అక్కడ మనుషులు కావాలి అంటాడు. ఆమె కూరగాయలు చేతికిచ్చి తరగమంటుంది. ఆమెకి రాసిన మాటలు ఎంత తక్కువో చూడండి. మొగుడు తాగుబోతయితే పెళ్ళానికి ఎన్ని మాటలుంటాయో మనకి తెలీదా? సినిమా వాటిని విననివ్వలేదు.

చంటివాడితో చెబుతాడు, పెద్దయ్యేకొద్దీ ఇష్టమైనవి తగ్గిపోతాయి, నాకు ఇప్పుడు ఒక్కటే మిగిలింది అని. వెంటనే హెలికాప్టరు, మళ్ళీ ఇరాక్, మళ్ళీ ఆ సూటు. వెనక భారీ రాక్ సంగీతం. తెర మీద అంకె: ఇంకా 365 రోజులు. ఆ సంగీతం నాకు నచ్చదు. అప్పటిదాకా జబ్బు అని చూపించినదాన్ని ఆ ముప్ఫై సెకన్లలో వీరత్వంలా నడిపించేశారు. హాల్లోంచి బయటికొచ్చే ఇరవై ఏళ్ళ కుర్రాడు ఆ నడక పట్టుకునే బయటికొస్తాడు, వణికే చేతులు పట్టుకుని కాదు. ఆస్కార్ వేదిక మీద బిగెలో అవార్డుని సైన్యంలో ప్రాణాలకి తెగించి పనిచేస్తున్న స్త్రీ పురుషులకి అంకితమిచ్చింది. తప్పులేదు. ఆ జోర్డాన్ ఎండలో తమ చావుని తామే నటించి చూపించిన ఇరాకీ శరణార్థుల పేరు కూడా అక్కడ వినిపించి ఉంటే నేను ఇంకాస్త గట్టిగా చప్పట్లు కొట్టేవాణ్ణి.

చూడాలా అంటే, తప్పకుండా చూడండి. చూసినవాళ్ళు బెకమ్ వెనకనించి పిలిచే సీను ఇంకోసారి వేసుకుని, ఈసారి జేమ్స్‌ని కాకుండా ఆ కుర్రాణ్ణి చూడండి. వచ్చేసారి 1981 నాటి జర్మన్ సినిమా ‘దాస్ బూట్’ గురించి మాట్లాడుకుందాం. జలాంతర్గామిలో నాజీ జర్మనీ నావికులు, వాళ్ళు బతకాలని మనం కోరుకుంటాం. అక్కడ ఈ తకరారు ఇంకా పెద్దది.